చూపు పడిన పువ్వు

ఆదోనిలో మద్దయ్యను ఒకప్పుడు ఆర్టిస్టు మద్దయ్య అనేవాళ్లు. ఇప్పుడు ఫ్రేముల మద్దయ్య అంటున్నారు. ఈ రెండో పేరు ఎవడు పెట్టాడో తెలిస్తే వాడి సంగతి తేల్చాలని ఆయన చాలా కాలంగా కాచుకుని ఉన్నాడు గానీ, ఊళ్లో పేర్లు పెట్టేవాళ్లు ఎప్పుడు దొరికారు గనక. పత్తి మిల్లుల గోడల మీద, లారీల వెనక, ఎరువుల అంగళ్ల నెత్తిన ఆయన చేతి రాత లేని బజారు ఒకప్పుడు ఉండేది కాదు. తర్వాత ఫ్లెక్సులు వచ్చాయి. రాయడానికి గోడలు మిగిలాయి గానీ రాయించేవాళ్లు మిగల్లేదు. పొట్ట గడవాలి కాబట్టి మద్దయ్య ఆ ఫ్లెక్సులకే చెక్క ఫ్రేములు కొట్టడం మొదలుపెట్టాడు. ఎవడి పుట్టినరోజుకో పళ్లికిలించిన మొహాన్ని నాలుగు మూలలా లాగి, బిగించి, చుట్టూ మేకులు కొట్టాలి. ఆ మొహం ఎంత నవ్వుతుంటే ఈయన కడుపు అంత మండేది.

అలాంటి మనిషికి ఉగాది వెళ్లిన వారంలో ఒక పని తగిలింది. బైపాసు రోడ్డులో శివశంకర్ అనే ఆయన కొత్తగా కల్యాణ మండపం కట్టాడు. వేదిక వెనక గోడ నిండా చేత్తో రాసిన పూలు ఉండాలని వాళ్లమ్మ పట్టుబట్టిందట. ఫ్లెక్సు అయితే పెళ్లి ఫొటోల్లో తళతళ మెరిసి పెళ్లికూతురు మొహం కనపడదని ఆమె వాదన. మద్దయ్యకు కబురొచ్చింది. ఆయన సంచీలోంచి పాత నమూనాలు తీసి బండల మీద పరిచాడు. తామర, గులాబి, పక్కన ఇంకో రంగు గులాబి. శివశంకర్ వాటిని కాలిబొటనవేలితో చూపించి, ఇవన్నీ క్యాలెండర్ పూలు గదా అన్నాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది.

"ఇన్నేండ్లు పూలు రాసినావు గదా మద్దయ్యా, నిజం పువ్వును ఎదురుగా కూసోని ఎప్పుడన్నా గీసినావా?"

మద్దయ్య కింద పరిచిన నమూనాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. గీయలేదు మరి. నేర్పిన గురువు క్యాలెండర్ ముందు పెట్టి నేర్పాడు, ఈయన గురువు దగ్గర నేర్చుకున్నది రాసుకుంటూ పోయాడు. అయినా లారీ వెనక గులాబి రాసేవాణ్ణి తోటకు పోయి చూసొచ్చావా అని అడిగిన డ్రైవరు ఈ భూమ్మీద ఉన్నాడా? శివశంకర్ మాత్రం షరతు తెగేసి చెప్పాడు. ఎల్లుండి పొద్దున్నే ఒక్క పువ్వు, చెట్టున ఉన్నదాన్ని చూసి గీసి తెచ్చి చూపించాలి. వాళ్లమ్మకు నచ్చితే గోడ మద్దయ్యది. లేకపోతే బావమరిది ముందుగానే అచ్చు వేయించి పెట్టిన ఫ్లెక్సు ఉంది, అది ఎక్కుతుంది, దానికి ఫ్రేము కూడా మద్దయ్యే కొట్టి పోవచ్చు. ఆ చివరి మాట ఆయన మంచిగానే అన్నాడు. పని దొరకని మనిషికి ఏదో ఒక పని ఇస్తున్నానన్న దయ కూడా ఉంది అందులో. మద్దయ్యకు ఇంటికొచ్చేదాకా చెవుల్లోంచి పొగలొచ్చాయి.

ఆయన భార్య గిరిజమ్మ అంతా విని, ఎమ్మిగనూరు దగ్గర రైతు బజారి తోట ఉంది గదా, వాళ్ల ట్రాక్టరు ట్రాలీకి ఎద్దుల బొమ్మలు రాసింది నువ్వే గదా, పోయి ఒక పూట కూర్చుని గీసుకుని రా అంది. చెప్పినంత తేలిక పని అనే ఆయన కూడా అనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే రంగుల డబ్బా, బ్రష్షులు, అట్ట, మంచి కాగితాలు సంచీలో వేసుకుని బస్సెక్కాడు.

బజారిది దానిమ్మ తోట. మనిషి నలభై దాటలేదు గానీ తోటను చూసుకోవడంలో ముసలి రైతు. మద్దయ్యను చూసి పొంగిపోయాడు. ట్రాలీ మీద ఎద్దులు ఇంకా పాలిపోలేదని చూపించాడు. కూర్చోబెట్టి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తినిపించాడు. వద్దన్నా మళ్లీ వడ్డించాడు. అంతా అయ్యేసరికి ఎండ పైకొచ్చింది. మద్దయ్య లోపలే గొణుక్కుంటూ తోటలోకి పోయి, ఒక కొమ్మ చివర ఎర్రటి పువ్వు ఎంచుకుని, ఎదురుగా గోనెసంచీ పరుచుకుని కూర్చున్నాడు.

కూర్చున్నాక తెలిసింది, ఆయన ఇంతవరకూ దానిమ్మ పువ్వును చూడనేలేదని. కింద గట్టి తొడిమ, అది విచ్చుకున్న చోట పలచని రేకులు, ఆ రేకుల్లో పెట్టెలోంచి అప్పుడే తీసిన చీరకున్నన్ని మడతలు. ఏ క్యాలెండర్‌లోనూ ఆ మడతలు లేవు. కళ్లు చికిలించి చూస్తూ పెన్సిలు పట్టాడు. తొడిమ వరకూ వచ్చింది. అంతలో పక్క నుంచి ఒక చెయ్యి వచ్చి టక్కున ఆ పువ్వు తుంచి ఆయన ఒళ్లో పెట్టింది.

"తీసుకో అన్నా. మొహమాటమెందుకు?" అన్నాడు బజారి.

 దానిమ్మ పువ్వు తుంచడమంటే కాయను తుంచడమే. ఆ సంగతి బజారికి తెలియనిదా? తెలిసే ఇచ్చాడు, నవ్వుతూ ఇచ్చాడు. ఇలాంటివాణ్ణి ఏమని తిట్టాలి? కోయొద్దప్పా, నేను చూసి గీసుకోడానికి వచ్చినాను అని మద్దయ్య నెమ్మదిగా చెప్పాడు. బజారి సరేనని తలూపి వెళ్లాడు. మద్దయ్య ఇంకో చెట్టు ముందు కూర్చున్నాడు. ఈసారి రెండు రేకులు వచ్చాయి. బజారి మాట తప్పే మనిషి కాదు, మళ్లీ రాలేదు. వాళ్లమ్మ హనుమక్క వచ్చింది, కొడవలితో. పువ్వొక్కటే ఏం బాగుంటుందని కొమ్మతో సహా కోసి ఇచ్చింది.

మద్దయ్య తల పట్టుకున్నాడు. ఎందుకమ్మా ఇట్లా చేస్తున్నారు అని అడిగితే ఆమె ఈయనకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు చూసింది.

"అంతసేపు సూసినాక ఇయ్యకుంటే ఎట్ల నాయనా? మనిషి సూపు పడినది చెట్టుకే ఉంటే చెట్టు ముడుసుకుంటాది. మనిషి మనసు గూడా ఈడనే ఉండిపోతాది. రెండూ మంచివి గాదు."

అది ఆ తోటల వైపు పద్ధతి. దారిన పోయేవాడు కాయ వైపు రెండుసార్లు చూస్తే పిలిచి చేతిలో పెడతారు. అడిగేదాకా ఉండటం తమకు తక్కువని అనుకుంటారు. అలాంటి చోటికి మద్దయ్య చూడటమే పనిగా పెట్టుకుని వచ్చాడు. పెన్సిలు పట్టుకుని ఒక్కో పువ్వును మిడిగుడ్లేసుకుని చూస్తుంటే, ఈ పెద్దమనిషి ఎంత ఆశపడుతున్నాడో పాపమని వాళ్ల కడుపు తరుక్కుపోతోంది.

మద్దయ్య ఉపాయం పన్నాడు. ఒక పువ్వుకు ఎదురుగా కూర్చుని, ఓరకంట ఇంకో పువ్వును గీయడం. మెడ పట్టేసింది గానీ సగం పువ్వు వచ్చింది. ఈలోగా ఎదురుగా ఉన్నది కోసి ఇచ్చారు. కళ్లు మూసుకుని, కొంచెం తెరిచి, మళ్లీ మూసుకుని గీద్దామని చూశాడు. కళ్లు తిరుగుతున్నాయేమోనని బజారి చెరుకురసం తెప్పించాడు. ఆయన చుట్టూ కోసిన పువ్వులు, కొమ్మలు, ఒక గంప నిమ్మకాయలు, మునక్కాయల కట్ట పోగయ్యాయి. కాగితాల మీద మాత్రం ఒక తొడిమ, రెండు రేకులు, ఒక సగం పువ్వు. ఇంత మంచివాళ్లు లోకంలో ఉండకూడదు అనుకున్నాడు మద్దయ్య. మనస్ఫూర్తిగానే అనుకున్నాడు.

చివరికి ఆయనే ఒక దారి కనిపెట్టాడు. కాలువ అవతల తిక్కయ్య మల్లెతోట ఉందని బజారి మాటల మధ్య చెప్పాడు. మల్లెలు తెల్లవారకముందే మొగ్గల మీదే కోసి సంతకు పంపేస్తారు. అంటే అక్కడ కోసి ఇవ్వడానికి ఏమీ ఉండదు. మద్దయ్యకు ప్రాణం లేచొచ్చింది. అక్కడికి దింపమన్నాడు. బజారి బండి మీద దింపి, కాయలూ కొమ్మలూ పక్కన పెట్టి వెళ్లిపోయాడు. అతను కనుమరుగయ్యాక గానీ మద్దయ్యకు తోచలేదు, కోసి ఇవ్వడానికి లేనప్పుడు గీయడానికి మాత్రం ఏముంటుందని. తోటంతా ఆకులే. తన తెలివికి తానే చెప్పు తీసుకుని కొట్టుకోవాలనిపించింది.

ఆయన కంటే ఎక్కువ కుమిలిపోయింది తిక్కయ్య. సన్నగా, పొడుగ్గా, అరవై దాటిన మనిషి. పువ్వు కోసమని ఆదోని నుంచి మనిషి వస్తే తన తోటలో ఒక్క పువ్వు లేకపోవడమేమిటని ఆయన బాధ. ఈ పొద్దున మరీ శుభ్రంగా కోశారని కూలీలను కూడా విసుక్కున్నాడు. ఆయన భార్య రామమ్మ ఆ గొడవంతా పక్కకు పెట్టి జొన్నరొట్టె, వంకాయ కూర, పచ్చి ఉల్లిగడ్డ పెట్టింది. సాయంత్రానికి కూలీల కంట పడని మొగ్గ ఒకటో రెండో విచ్చుకుంటాయి, అందాకా పడుకో అంది. మద్దయ్య పడుకోనన్నాడు. వేపచెట్టు కింద మంచం మీద కాసేపు నడుము వాలుస్తానన్నాడు. వాల్చిన నడుము పొద్దు వాలేదాకా లేవలేదు.

లేచేసరికి తోటలో గాలి మారింది. ఎక్కడి నుంచో వాసన వస్తోంది. తిక్కయ్య వంగి పాదు పాదూ వెతుకుతున్నాడు. ఒకచోట ఆగి, మొహం వెలిగిపోయి, చెయ్యి చాచాడు. మద్దయ్యకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ వేగం, చెప్పులు కూడా లేకుండా పరుగెత్తి ఆ ముసలాయన మణికట్టు పట్టేసుకున్నాడు.

"ముట్టుకోవద్దు," అన్నాడు. అన్నాక తన గొంతు వింటే తనకే భయమేసింది.

తిక్కయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆయన కళ్లలో చిన్నబుచ్చుకోవడం కనపడింది. మద్దయ్యకు పొద్దున్నుంచీ లోపల అణిచిపెట్టుకున్నదంతా అప్పుడు కక్కక తప్పలేదు. గోడ సంగతి, శివశంకర్ అన్న మాట, ఫ్రేముల సంగతి, రేపు పొద్దున్నకి చేతిలో పువ్వు లేకపోతే తన చేత్తోనే ఆ ఫ్లెక్సును గోడకు బిగించాల్సి రావడం, అన్నీ చెప్పాడు. నన్ను ఒక్కసారి ఆర్టిస్టుగా ఉండనీ అన్నా అన్నాడు చివరికి. తిక్కయ్య అంతా విని, గట్టు మీదికి పోయి కూర్చుని, తన రెండు చేతులను తొడల కింద పెట్టుకున్నాడు. అలవాటు మీద నమ్మకం లేదు మరి.

మద్దయ్య గీశాడు. తెల్ల కాగితం మీద తెల్ల పువ్వు ఎట్లా గీయాలి? ఇన్నాళ్లూ మల్లెపువ్వంటే తెల్ల రంగు డబ్బా మూత తీసేవాడు. ఈసారి ఆ డబ్బా ముట్టుకోలేదు. పువ్వున్న చోట కాగితాన్ని అట్లాగే వదిలేసి, దాని వెనక ఉన్న ఆకులను గీశాడు. పొద్దు దిగేకొద్దీ ఆకులు నల్లబడుతున్నాయి, పువ్వు ఇంకా తెల్లబడుతోంది. ఒక రేకు కింద మాత్రం కొంచెం గులాబి జీర ఉంది, మొగ్గగా ఉన్నప్పటిది. అది పెట్టాక చెయ్యి ఆపేశాడు. వెనక్కి జరిగి చూసుకుంటే పువ్వు కాగితం మీద ఉంది.  ఎంత సంతోషంగా ఉందంటే, పొద్దున్నుంచీ తిన్న ఉగ్గాని, తాగిన చెరుకురసం, పట్టేసిన మెడ, అన్నిటికీ ఆయన ఆ క్షణాన మొక్కేవాడు. ఇంత మంచి రోజు తన బతుకులో వచ్చి చాలా ఏళ్లయిందని ఒప్పుకున్నాడు.

ఒప్పుకున్నంతసేపు పట్టలేదు, రామమ్మ వచ్చింది. దారికి కట్టిన రొట్టెల మూట ఇవ్వడానికి వచ్చింది. బొమ్మ చూసి ఆగిపోయింది. మూట కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, వంగి చూసింది. చూస్తూనే ఉంది.

"నేను ఈ ఇంటికి వచ్చినప్పటి సంది మొగ్గలే కోస్తాండా. విచ్చుకునేది ఇంకెవురి తలల్లోనో," అంది. తర్వాత ఇంకాసేపు చూసి, "ఈ పువ్వు రేపు పొద్దుటికీ ఇట్లనే ఉంటాది గదప్పా?" అని అడిగింది.

ఉంటుందన్నాడు మద్దయ్య. ఎల్లుండికీ అని అడిగింది. ఎల్లుండికీ ఉంటుందన్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. బాగుందని అనలేదు, కావాలని అసలే అనలేదు. లేచి నిలబడి, రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి తిరిగి ఒకసారి చూసి, మూట సంచీలో పెట్టడానికి పోయింది.

 ఆ చూపు ఏమిటో మద్దయ్యకు తెలియకపోతే కదా. పొద్దున్నుంచీ అదే చూపు చూసిన పాపానికి గంపెడు సరుకు మోస్తున్నాడు. అయితే మాత్రం ఏం చేస్తాడు? ఇది నిమ్మకాయ కాదు. కోసి ఇస్తే రేపటికి ఇంకోటి కాసేది కాదు. చీకటి పడుతోంది, ఆ పువ్వు తెల్లారేసరికి రాలిపోతుంది, మళ్లీ గీయడానికి రోజు లేదు. ఆయన గబగబా కాగితం ఆరబెట్టి, చుట్టి, సంచీలో అన్నిటికంటే అడుగున పెట్టాడు. వాళ్ల మొహం చూడకుండా వెళ్లొస్తానన్నాడు. తిక్కయ్య నిమ్మకాయల గంప నెత్తిన పెట్టుకుని రోడ్డుదాకా వచ్చాడు, ఎమ్మిగనూరు పోయే ఆటో ఆపి, గంప ఎక్కించి, డ్రైవరుకు జాగ్రత్తలు చెప్పి వెనక్కి పోయాడు. బొమ్మ గురించి మాట రానివ్వలేదు. ఒక్క మాట అడిగి ఉంటే మద్దయ్య కుదరదని చెప్పి హాయిగా పోయేవాడు.

ఆటో కదల్లేదు. ఇంకో ఇద్దరు ఎక్కితే గానీ కదలదని డ్రైవరు బీడీ ముట్టించాడు. మద్దయ్య లోపల కూర్చుని నిమ్మకాయల వంక చూస్తూ తిట్టుకున్నాడు. ముందు డ్రైవరును తిట్టాడు, తర్వాత శివశంకర్‌ను, వాళ్ల బావమరిదిని, తర్వాత చెట్టు ముడుచుకుంటుందని చెప్పిన హనుమక్కను. ఎవరు నమ్మమన్నారు ఆ మాట? నమ్మలేదు ఆయన. కానీ రామమ్మ మనసు ఈ సంచీ అడుగున ఉండిపోయిందని మాత్రం తెలుస్తోంది. దాన్ని పట్టుకుపోయి శివశంకర్ బండల మీద పరచాలి. ఆయన మళ్లీ కాలి బొటనవేలితో చూపిస్తాడు.

ఇద్దరు మనుషులు వచ్చి ఎక్కారు. డ్రైవరు బీడీ పారేశాడు. మద్దయ్య సంచీ తీసుకుని దిగిపోయాడు. వీళ్ల తోటలో పురుగు పడ, వీళ్ల మంచితనం తగలబడ అని పైకే అనుకుంటూ చీకట్లో గట్టు పట్టుకుని నడిచాడు. నిమ్మకాయలు ఆటోలోనే పోయాయి.

రామమ్మ పొయ్యి ముందు ఉంది. మద్దయ్య కాగితం చాచాడు. ఆమె చేతులు వెనక్కి తీసుకుంది.

"అది నీ గోడకప్పా. నేను సూడకుండా ఉండాల్సింది," అంది.

"సూసినావు గదా అక్కా. పట్టు."

ఆమె పట్టుకోలేదు. ఆయన మంచం మీద పెట్టి, గాలికి పోకుండా పైన చెంబు పెట్టి, తడి తగలనీయొద్దని, పొగకు దూరంగా పెట్టుకోమని కసురుకుంటూ చెప్పి, తిక్కయ్య వెంట వస్తున్నా ఆగకుండా వచ్చేశాడు.

ఇంకో ఆటోలో ఎమ్మిగనూరు చేరి ఎక్కిన బస్సు ఊరు దాటాక గిరిజమ్మ ఫోను చేసింది. పువ్వు వచ్చిందా అని అడిగింది. వచ్చిందన్నాడు. బాగా వచ్చిందా అని అడిగింది. తన చేత్తో అంత బాగా ఎప్పుడూ రాలేదన్నాడు. బస్సులో నలిగిపోకుండా పట్టుకో అంది ఆమె. అది తన దగ్గర లేదని, తోటామె చూసిందని, ఇచ్చేసినానని చెప్పాడు. తిడుతుందని ఫోను చెవికి కొంచెం దూరంగా పట్టుకున్నాడు. తిట్టి ఉంటే తనూ నాలుగు మాటలు అని ఈ రోజంతటి కోపం తీర్చుకునేవాడే. ఆమె తిట్టలేదు.

"అంత బాగొచ్చిందంటివి. నేను సూడకనే పోతి," అంది.

మద్దయ్య దీనికి సిద్ధంగా లేడు. తామరలు, గులాబీలు రాసిన రోజుల నుంచి మేకులు కొట్టే రోజులదాకా పక్కనే ఉన్న మనిషి. పువ్వు గీసి తెచ్చుకోమని పంపించింది కూడా ఆమే. బస్సు కిటికీలోంచి బయట ఏమీ కనపడటం లేదు.

"ఆ పువ్వు నా చేతికొచ్చేసింది. రేపు గోడ మీద సూద్దువులే," అన్నాడు.

శివశంకర్ ఒప్పుకుంటే గదా అని ఆమె అనలేదు. ఏం వండమంటావని అడిగింది. రొట్టెలు ఉన్నాయని చెప్పాడు.